తూము ఎత్తిన రోజు వేరు, నీరు చేరిన రోజు వేరు

మేడ్చల్ మీదుగా నిజామాబాద్‌కు పోయే జాతీయ రహదారి ఒకటి, శామీర్‌పేట మీదుగా కరీంనగర్‌కు పోయే రాజీవ్ రహదారి మరొకటి. జీడిమెట్ల, మేడ్చల్ ప్రాంతపు గోదాములకు, విత్తన కేంద్రాలకు, దాణా మిల్లులకు ఉత్తరాది జిల్లాల నుంచి దిగే ధాన్యం, మక్కలు ఈ రెండు బాటలనే వస్తాయి. ఒక బాటకు ఆ చివర నిజాంసాగర్ ఆయకట్టు, రెండో బాటకు ఆ చివర శ్రీరాంసాగర్ ఆయకట్టు ఉన్నాయి. అందువల్ల యాసంగి చివరి దినాలలో "ప్రాజెక్టు నుంచి నీటి విడుదల" అన్న వార్త వెలువడిన నాటి సాయంత్రమే బేరాల ధోరణి మారుతుంది. పంట గట్టెక్కిందని తలచి నిల్వదారులు సరుకు వదులుతారు. మిల్లర్లు కొనుగోలుకు తొందరపడక ఆగుతారు. ఆ నీరు ఎన్నో నాటికి చేరుతుంది, వదిలినదానిలో ఎంత చేరుతుంది అన్న విచారణ మాత్రం సామాన్యంగా జరగదు. నష్టపోయేవారు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే.

ముందు కొలతలు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు ప్రవాహం. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నిల్వ. మొదటిది ధారకు కొలత, రెండవది రాశికి కొలత. 11,574 క్యూసెక్కులు 24 గంటలు పారితే ఒక టీఎంసీ అవుతుంది. వెయ్యి క్యూసెక్కులు ఒక దినం పారితే 8 కోట్ల 64 లక్షల ఘనపుటడుగులు. ఎన్ని క్యూసెక్కులు అన్న అంకె ఒక్కటే ప్రకటించి, ఎన్ని దినాలు అన్నది చెప్పని వార్త, ధర చెప్పి బస్తాల లెక్క చెప్పని సౌదా వంటిది.

హల్దీ వాగు ఉదాహరణ

ఈ ప్రాంతానికి అతి చేరువలో జరిగిన ఉదాహరణ హల్దీ వాగుది. 2021 ఏప్రిల్ 6న కొండపోచమ్మ సాగర్ నీటిని సిద్దిపేట జిల్లా వర్గల్ మండలం అవుసులపల్లి వద్ద సంగారెడ్డి కాలువ నుంచి హల్దీ వాగులోకి వదిలారు. అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు స్వయంగా విడుదల చేశారు. గోదావరి జలాలను మెట్టు మెట్టుగా ఎత్తి మర్కూక్ వద్ద 618 మీటర్ల మట్టాన నిలిపిన జలాశయం అది. 15 టీఎంసీల సామర్థ్యంతో 2020 మే 29న ప్రారంభమైనది. అక్కడి నుంచి నీరు వర్గల్ బండ చెరువులో పడి, చెరువులు, చెక్‌డ్యాములు నింపుకుంటూ వాగు వెంట మంజీరలో కలిసి నిజాంసాగర్ వైపు పోవాలి. దారి దాదాపు వంద కిలోమీటర్లు.

ఏప్రిల్ నెలలో వాగు పొట్ట ఎండి ఉంటుంది. వాన కాలంలో వంద కిలోమీటర్లు పారే నీటికీ, ఎండిన ఇసుక మీద అంతే దూరం పారవలసిన నీటికీ పోలికే లేదు. ఈ తేడాను లెక్క కట్టి చూడవచ్చును. ఇందులోని అంకెలు విషయం తేటపడేందుకు తీసుకున్నవే గాని హల్దీ మీద కొలిచినవి కావు.

వాగు వెడల్పు 50 మీటర్లు, పొడవు వంద కిలోమీటర్లు అనుకుందాము. తడవవలసిన పొట్ట 50 లక్షల చదరపు మీటర్లు. అడుగున మీటరున్నర ఇసుక ఉన్నదనీ, అందులో నూటికి 30 వంతులు ఖాళీ అనీ తీసుకుంటే, ఇసుక నిండటానికే 22 లక్షల 50 వేల ఘనపు మీటర్లు, అనగా సుమారు 8 కోట్ల ఘనపుటడుగుల నీరు కావాలి. వెయ్యి క్యూసెక్కుల ప్రవాహం 22 గంటలు పారితే ఇసుక దాహం తీరుతుంది. దారిలో 30 చెక్‌డ్యాములు ఉండి, ఒక్కొక్కటి సగటున 50 లక్షల ఘనపుటడుగులు పట్టేదయితే, వాటికి మరి 15 కోట్లు పోతాయి. ఒకటి నిండి మత్తడి దూకితేనే రెండో దానికి నీరు అందుతుంది. ఇది ఇంకొక ఒకటి ముప్పాతిక దినం. అంటే నీటి నడక వేగం సంగతి అటుంచి, ఇసుకకు, కట్టలకు చెల్లించే పన్ను కిందనే రెండున్నర దినాల పైచిలుకు పట్టిపోతుంది.

ఎండ వల్ల నీరు ఆవిరైపోతుందన్నది అందరి నోటా వినపడే మాట. హైదరాబాద్ పరిసరాలలో ఏప్రిల్, మే నెలల్లో తొట్టి కొలతలో రోజుకు 10 మిల్లీమీటర్ల ఆవిరి మామూలే. తొట్టి ఇనుపది గనుక త్వరగా వేడెక్కుతుంది. విశాలమైన నీటికి దానిలో పదింట ఏడు వంతులు పట్టాలని నియమం. రోజుకు 7 మిల్లీమీటర్ల చొప్పున పై వాగు మొత్తం మీద ఆవిరయ్యేది 35 వేల ఘనపు మీటర్లు, అంటే 14 క్యూసెక్కుల ధార. వెయ్యిలో పద్నాలుగు. పారే నీటికి సూర్యుడు పెద్ద శత్రువు కాడని దీని వల్ల విశదమవుతున్నది.

మోటార్ల సంగతి వేరు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు ప్రారంభమైనది. పది మీటర్ల ఎత్తుకు తోడే ఐదు హార్సుపవరు మోటారు అర క్యూసెక్కుకు తక్కువ కాకుండా లాగుతుంది. ఒడ్డు వెంట రెండు వందల మోటార్లు రేయింబవళ్లు నడిస్తే వంద క్యూసెక్కులు తగ్గినట్లే. దీనిని దొంగతనమనటం కూడా న్యాయం కాదు; వాగు ఒడ్డు రైతులకు నీరందించటం 2021 విడుదల ఉద్దేశాలలో ఒకటి. అయితే నిజాంసాగర్ కింది ధాన్యం మీద బేరమాడే వర్తకుడికి ఆ నీరు లెక్కలోకి రాదు. అది తూప్రాన్, మెదక్ వైపు పంటకు కలిసిన నీరు. ఒకరి నష్టం ఇంకొకరి రాబడి అన్నది నీటి ఖాతాలోనూ చెల్లుతుంది.

కొద్ది కొద్దిగా వదిలితే

ఇసుక, చెక్‌డ్యాముల పన్ను ఒకేసారి కట్టేది. ఆవిరి, మోటార్ల పన్ను రోజువారీది. ఈ భేదం తెలిసినవాడికి విడుదల ప్రకటనలోని మంచిచెడ్డలు వెంటనే బోధపడతాయి.

వెయ్యి క్యూసెక్కులు పది దినాలు వదిలారనుకుందాము. మొత్తం 86 కోట్ల 40 లక్షల ఘనపుటడుగులు. ఇసుకకు 8 కోట్లు, కట్టలకు 15 కోట్లు, రోజుకు 114 క్యూసెక్కుల చొప్పున పది దినాలకు దాదాపు 10 కోట్లు తీసివేస్తే, చివరకు చేరేది 53 కోట్ల చిల్లర. అంటే నూటికి 62 వంతులు. అదే వెయ్యి క్యూసెక్కులు ఐదు దినాలే వదిలి మూసివేస్తే, 43 కోట్లలో చేరేది 15 కోట్ల పైచిలుకు మాత్రమే. మూడో వంతుకు కొంచెం ఎక్కువ. సగం నీరు వదిలితే సగం చేరుతుందని అంచనా వేసినవాడు ఇక్కడ బోల్తా పడతాడు. ఇక రెండు వేల క్యూసెక్కులు ఐదు దినాలు వదిలితే మొత్తం 86 కోట్లే అయినా, రోజువారీ పన్ను సగానికి తగ్గి 58 కోట్ల పైన చేరుతుంది. ధార పెరిగితే వాగు కొంత వెడల్పవుతుంది గనుక లాభం ఇంత ఉండకపోవచ్చును; దిశ మాత్రం ఇదే.

తడి వాగు మీద రెండో విడత వదిలితే ఇసుక పన్ను చాలావరకు ఉండదు. పది, పన్నెండు రోజుల వ్యవధిలో వచ్చిన రెండో విడత మొదటిదాని కంటే త్వరగా, నిండుగా వస్తుంది. నెల ఆగితే ఇసుక మళ్లీ ఎండి లెక్క మొదటికి వస్తుంది. కాలువల మీద పనిచేసే లష్కర్లు ఏ సూత్రం చదవకుండానే ఈ సంగతి చెప్పగలరు.

అల ముందు, నీరు వెనుక

నీరు చేరే వేళను అంచనా కట్టటంలో ఇంకొక చిక్కు ఉన్నది. నిండుగా పారుతున్న నదిలో అదనంగా నీరు వదిలితే, ఆ పెరుగుదల అల రూపంలో ముందు పోతుంది. వదిలిన నీటి చుక్క వెనుక వస్తుంది. వెడల్పయిన నదిలో అల వేగం నీటి సగటు వేగానికి ఒకటిన్నర రెట్లు పైన, లెక్క ప్రకారం ఐదింట మూడో భాగం రెట్లు, అంటే 1.67 రెట్లు ఉంటుంది. వాగు ఎండి ఉంటే తొయ్యటానికి ముందు నీరే లేదు గనుక ఈ సౌకర్యం ఉండదు. ముందు అంచు ఇసుకలో ఇంకుతూ నెమ్మదిగా పాకుతుంది.

దీనికి అందరూ ఎరిగిన ఉదాహరణ జీడిమెట్ల పక్కనే ఉన్నది. ఎల్లంపల్లి జలాశయం నుంచి శామీర్‌పేట సమీపపు ఘన్‌పూర్ వరకు 186 కిలోమీటర్ల పైపుల మార్గం ద్వారా 2015 చివర నుంచి గోదావరి నీరు నగరానికి వస్తున్నది. దాని సామర్థ్యం రోజుకు 17 కోట్ల 20 లక్షల గ్యాలన్లు. సుమారు 320 క్యూసెక్కులు, ఏడాదికి పది టీఎంసీలు. పైపు మూడు మీటర్ల వ్యాసముండి నిండుగా పారుతున్నదనుకుంటే, ఎల్లంపల్లి వద్ద ప్రవేశించిన నీరు ఘన్‌పూర్ చేరటానికి 40 గంటలు పడుతుంది. కాని నిండిన పైపుకు ఆ చివర తోపు తగిలితే ఈ చివర నీరు రావటానికి అంత కాలం అక్కరలేదు. పైపులో ఇసుక లేదు, ఎండ లేదు, మోటార్లు లేవు. అందుచేత ఫ్యాక్టరీలకు పైపు నీటి లెక్క చూసి అలవాటైన వర్తకుడు వాగు నీటికీ అదే లెక్క వేస్తే మోసపోవటం ఖాయం.

నదులకు ఇంజనీర్లు వాడే లెక్కలలో ఎక్కువ ప్రచారంలో ఉన్నది మస్కింగమ్ పద్ధతి. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఆ పేరు గల నదిపై 1930లలో రూపొందినది. పేరు కొత్తగా ఉన్నా లోపలి లెక్క చిట్టా వ్రాసే గుమాస్తాకు కొత్త కాదు. కింది చివర నేటి ప్రవాహం మూడింటి మీద ఆధారపడుతుంది: పైన నేడు వదిలినది, పైన నిన్న వదిలినది, కింద నిన్న పారినది. ఒక్కొక్కదానికి ఒక వాటా. మూడు వాటాలు కలిపితే ఒకటి. ఆ వాటాలను వెనుకటి వరదల రికార్డు నుంచి తేలుస్తారు. ఉదాహరణకు వాటాలు వరుసగా పదింట ఒకటి, నాలుగు, ఐదు అనుకుంటే, పైన వెయ్యి క్యూసెక్కులు నిలకడగా వదలగా కింద మొదటి రోజు 100, రెండో రోజు 550, మూడో రోజు 775, నాలుగో రోజు 888, ఐదో రోజు 944 వస్తుంది. నష్టాలు ఇందులో నుంచి ఇంకా తీసివేయాలి. తూము మూసిన తరువాత ప్రవాహం ఇదే వరసన దిగుతుంది. కనుక "నీరు చేరింది" అన్న మొదటి రోజు వార్తను చూసి పూర్తి ప్రవాహం వచ్చిందనుకోరాదు. "తూము మూశారు" అన్న వార్త చూసి ఆ రోజే నీరు ఆగిపోయిందనీ అనుకోరాదు.

పెద్ద నది మీద దూరాలు పెద్దవి. నాగార్జునసాగర్‌కు దిగువన 115 కిలోమీటర్ల దూరంలో పులిచింతల, అక్కడికి 85 కిలోమీటర్ల దూరంలో ప్రకాశం బ్యారేజీ ఉన్నాయి. పులిచింతల రాక పూర్వం డెల్టా నారుమళ్ల నీరు సాగర్ నుంచే 200 కిలోమీటర్లు నడవాలి. వేసవి చివర సన్నని ధార సెకనుకు 70 సెంటీమీటర్ల వేగాన నడిస్తే మూడు దినాల పైన పడుతుంది. వరదలో అల సెకనుకు రెండు మీటర్లు నడిస్తే పులిచింతల నుంచి బ్యారేజీకి 12 గంటలకు కొంచెం తక్కువ. 2021 ఆగస్టు 5న పులిచింతల గేటు ఒకటి కొట్టుకుపోయినప్పుడు దిగువ ఇంజనీర్లకు కావలసినది సరిగ్గా ఈ లెక్కే.

ఒప్పందాలలో నష్టపు పద్దు

నీటి నష్టాన్ని ముందుగానే పద్దులో వ్రాసుకోవటం రాష్ట్రాల ఒప్పందాలలో ఉన్నదే. మద్రాసు నగరపు తాగునీటికి ఉద్దేశించిన తెలుగుగంగకు మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ ఒక్కొక్కటి ఐదేసి టీఎంసీలు ఇవ్వటానికి ఒప్పుకొనగా, 15లో మూడు దారి నష్టం కింద తీసివేసి సరిహద్దు వద్ద 12 చేరవేయాలని 1983 ఒప్పందంలో నిర్ణయించారు. ఐదో వంతు తరుగు. కండలేరు నుంచి సరిహద్దు వరకు 152 కిలోమీటర్ల కాలువ లైనింగు లేక ఇంకుడు ఎక్కువై, ఆ తరువాత పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు నిధులతో బాగుచేసిన దాకా అంకెలకూ అనుభవానికీ పొత్తు కుదరలేదు.

బచావత్ ట్రిబ్యునల్ సైతం కృష్ణా జలాల కేటాయింపులో ఆవిరిని పద్దుగా చూపింది: శ్రీశైలానికి 33 టీఎంసీలు, నాగార్జునసాగర్‌కు 17. నిలిచిన నీటికి ఎండ పెద్ద ఖర్చే. వంద చదరపు కిలోమీటర్ల జలాశయం మీద రోజుకు 7 మిల్లీమీటర్ల ఆవిరి అంటే 286 క్యూసెక్కుల కాలువ ఆగకుండా పారినంత. నెలకు ముప్పావు టీఎంసీ.

ఈ సందర్భంలో దినపత్రికలలో వచ్చే జలాశయాల పట్టికను గూర్చి ఒక హెచ్చరిక అవసరం. అందులోని "ఇన్‌ఫ్లో" అంకెను తరచుగా ఏటిలో కొలవరు. నిన్నటి మట్టానికీ నేటి మట్టానికీ గల తేడాకు బయటకు వదిలినది కలిపి వెనక్కి లెక్క కడతారు. వంద చదరపు కిలోమీటర్ల జలాశయంలో ఒక సెంటీమీటరు మట్టం తేడా అంటే 409 క్యూసెక్కుల దినపు ప్రవాహం. గాలికి నీరు గేజీ వైపు కొంచెం ఒదిగినా, చదివినవాడు ఒక గీత అటూ ఇటూ చదివినా, లేని ప్రవాహం పట్టికలో పుడుతుంది. వేసవిలో 400 క్యూసెక్కుల రాకను చూసి బేరం తిప్పేవారు కనీసం మూడు రోజుల వరస చూడటం మేలు.

మట్టం నుంచి నిల్వను తేల్చే పట్టికలూ శాశ్వతం కావు. పూడిక వల్ల నాగార్జునసాగర్ సామర్థ్యం 408 టీఎంసీల నుంచి 312కు, శ్రీశైలం 308 నుంచి 215కు, శ్రీరాంసాగర్ 112 నుంచి 80కి, నిజాంసాగర్ 29.7 నుంచి 17.8కి తగ్గాయి. పాత అంకె గుర్తుంచుకుని "సగం నిండింది" అనేవారు అక్కడక్కడ ఇంకా ఉన్నారు.

టీఎంసీకి ఎన్ని బస్తాలు

ఒక టీఎంసీ నీరు ఒక అడుగు లోతున 22,957 ఎకరాల మీద నిలుస్తుంది. వరికి మొదటి నుంచి చివరి దాకా నాలుగు అడుగుల నీరు కావాలనుకుంటే టీఎంసీకి 5,700 ఎకరాలు పండుతాయి. దారిలో పదో వంతు టీఎంసీ పోతే 570 ఎకరాల పంట. ఎకరాకు 25 క్వింటాళ్ల లెక్కన 14 వేల క్వింటాళ్ల ధాన్యం. 20 టన్నుల లారీలు 70 పైన.

అయితే ఈ లెక్క డిసెంబరులో తైబంది నిర్ణయించేనాటిది. ఏప్రిల్‌లో టీఎంసీ విలువ వేరు. అప్పుడు పంటకు కావలసినది ఒక చివరి తడి, మూడంగుళాలు. పొలానికి చేరిన టీఎంసీ 91,800 ఎకరాలకు ఆ తడి ఇస్తుంది. కాలువల్లో నూటికి 40 వంతులు పోయినా 55 వేల ఎకరాలు దక్కుతాయి. డిసెంబరు టీఎంసీ కంటే ఏప్రిల్ టీఎంసీ మార్కెట్‌ను పదింతలు కదిలించగలగటానికి కారణం ఇదే. కాని దానికి వేళ ముఖ్యం. నిజాంసాగర్ కింద ముందు నాట్లు ఏప్రిల్ మొదటి వారానికి కోతకు వచ్చి ఉంటాయి. వాటికి నీరు అక్కరలేదు సరిగదా, తడి తగిలితే కోత మిషను దిగబడుతుంది. ఆలస్యపు నాట్లు అప్పుడు పాలుపోసుకునే దశలో ఉంటాయి. వారం ఆలస్యమైతే తాలు పెరుగుతుంది. గింజ కట్టినా ఎండకు పగిలి మరలో నూక ఎక్కువవుతుంది. అటువంటి సరుకు ఉప్పుడు బియ్యానికి పోతుందే గాని పచ్చి బియ్యానికి ధర పలకదు. అంటే ఆలస్యం రాబడి తూకం మీద కంటే ముందు నాణ్యం మీద పడుతుంది. మిల్లర్లు ధాన్యం రాకలు బాగున్నాయని చూసి ధర కట్టి, మర ఆడిన తరువాత నూక చూసి కంగుతినేది ఇటువంటి ఏడాదిలోనే.

శ్రీరాంసాగర్ వైపు సంగతి కొంత భిన్నం. కాకతీయ కాలువ మీద 146వ కిలోమీటరు వద్ద దిగువ మానేరు జలాశయం ఉన్నది. కాలువ సెకనుకు మీటరు వేగాన నడిచినా అక్కడికి 40 గంటలు. వారబందీ పద్ధతిలో నీరు వదిలి కొన్ని రోజులు ఆపి మళ్లీ వదులుతారు గనుక, ప్రతి విడతకూ ముందు కాలువ పొట్ట నిండాలి. తలవైపు తూములు మొదటి రోజే తాగుతాయి. చివరి భూములకు నీరు అందేసరికి విడత గడువు సగం అయిపోతుంది. ఒకే ఆయకట్టు కింద తలవైపు మండలాల ధాన్యం, చివరి మండలాల ధాన్యం ఒకే నాణ్యంగా రాకపోవటానికి ఇది ఒక కారణం. కొనుగోలుదారులు ప్రాజెక్టు పేరు అడగటంతో సరిపెట్టక, ఎన్నో కిలోమీటరు కింది సరుకో కూడా అడగటం మంచిది.

కాళేశ్వరం నుంచి ఎత్తిపోసే నీటి విషయంలో మరొక అంశం కలుస్తుంది. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ స్తంభాలు కుంగిన తరువాత ఎత్తిపోతలు ఎల్లంపల్లికి ఎగువ నుంచి వచ్చే నీటి మీద ఆధారపడ్డాయి. అందువలన కొండపోచమ్మ సాగర్ నుంచి వాగులోకి విడుదల ఉంటుందా లేదా అన్నది మార్చి నెలలో తేలే విషయం కాదు. వానాకాలం చివర ఎల్లంపల్లికి ఎంత వచ్చింది, అందులో ఎంత ఎత్తారు, ఘన్‌పూర్ పైపుకు ఎంత కట్టి ఉంచారు అన్న మూడు పద్దులు చూస్తే జనవరి నాటికే చాలావరకు తేలుతుంది.